సాక్షి గ్లాసు

పోయిన వారం కథ ఎక్కడ ఆగిందో మీకు గుర్తు లేకపోతే తప్పు మీది కాదు. ఎవరి ఇంటి గొడవలు వాళ్లకుంటాయి. నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. మా అన్నయ్య స్కాచ్ సింగిల్ మాల్ట్ విస్కీలు రుచి చూసి మార్కులు వేసే మనిషి. అందులోనూ పొగ విస్కీలు. తడి నేలల్లో ఏళ్లకేళ్లు గడ్డీ గాదం కుళ్లి ముద్దకట్టిన మట్టిని పీట్ అంటారు. దాన్ని తవ్వి, ఎండబెట్టి, కాల్చి, ఆ సెగ మీద మొలకెత్తిన బార్లీని ఆరబెడితే గింజకి పొగ పడుతుంది. ఆ పొగ పీపాల్లో ఏళ్ల తరబడి నిద్రపోయి మా అన్నయ్య ముక్కు దగ్గర లేస్తుంది. ఆయన ఔనంటే ఆ సీసాకి గిరాకీ, కాదంటే అది అల్మారాలో దుమ్ము పట్టాల్సిందే. ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు, అందరికీ ఆయన ముక్కుగారు.

నేను ఆయన చెల్లెల్ని. నా పని పోయడం. రంగు కనపడకుండా ముదురు నీలం గ్లాసులు, పైన గాజు మూతలు, అడుగున అంకెలు. ఏ గ్లాసులో ఏ సీసా పోశానో నాకొక్కదానికే తెలుసు. మార్కులన్నీ పడ్డాక, వేరే రోజున, అందరి ముందూ నిలబడి ఏ అంకె ఏ సీసాదో చెప్తాను. దాన్ని మావాళ్లు గుట్టు విప్పడం అంటారు.

ఇక సాక్షి గ్లాసు. పొగ విస్కీల వరసలో పొగ బొత్తిగా లేనిది ఒకటి చాటుగా పెట్టే హక్కు పోసేవాళ్లకుంది. ఇష్టమైతే పెట్టొచ్చు, లేకపోతే లేదు. రుచి చూసేవాళ్లు మెలకువగా ఉన్నారా, కునుకుతున్నారా అని చెప్పే సాక్షి అది. ముక్కుగారు కూర్చున్న బల్ల మీద దాన్ని పెట్టడమంటే పెద్దమనిషి జేబులు తడిమినట్టే, అందుకే చాలా ఏళ్లుగా ఎవరూ పెట్టలేదు. ఈసారి నేను పెట్టాను. ఎందుకంటే ముందురోజు స్టవ్ మీద పాలు మాడి, గిన్నె నల్లబడి, పక్కింటావిడ వచ్చి తలుపు బాదుతున్నా, ఆ స్టవ్ పక్కనే కూర్చున్న అన్నయ్య తీరిగ్గా పేపరు చదువుకుంటున్నాడు. సాక్షి నాలుగో గ్లాసులో ఉంది. అన్నయ్య దానికి వందకి తొంభై నాలుగు వేసి, ఈ ఏటి పొగంతా ఇందులోనే ఉందని రాశాడు.

అదీ పోయిన వారం దాకా జరిగింది. గుట్టు విప్పేది ఇవాళ సాయంత్రం. ఇప్పుడింకా పొద్దున్నే.

మా వదిన క్లినిక్‌లో నర్సు. డ్యూటీకి బయల్దేరి చెప్పులు వేసుకుంటుంటే ఆపి, సాక్షి సీసాలో మిగిలింది కాస్త పోసి ఆవిడ ముక్కు దగ్గర పెట్టాను. పెళ్లైన దగ్గర్నుంచీ వదిన ఆ సీసాల వంక కూడా చూడదు.

"పొద్దున్నే ఏంటి చిట్టీ ఈ దరిద్రం?"

"పొగ వస్తోందా వదినా? సరిగ్గా చూసి చెప్పు."

మొహం చిట్లించుకుంటూనే రెండోసారి చూసింది. "పొగెక్కడిది? మగ్గిన పళ్ల వాసన. కొంచెం తేనెలాగా ఉంది. ఎందుకు?"

ఎందుకో చెప్పాను. వదిన ఒక చెప్పు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని విన్నది. నేను చెప్పడం పూర్తయ్యాక వేసుకున్న చెప్పు కూడా విప్పేసింది.

"నువ్వు అడుగుతావా, నేను అడగనా?" అంది.

"నేనే అడుగుతా. పోసింది నేను."

అన్నయ్య ముందుగదిలో కిటికీ దగ్గర కూర్చుని తన గ్లాసు తుడుచుకుంటున్నాడు. అందరి గ్లాసులూ నేనే తుడుస్తాను, ఆయన గ్లాసు మాత్రం ఆయనే తుడుచుకోవాలి. వెలుగుకి ఎత్తి చూడడం, మళ్లీ తుడవడం. ఇస్త్రీ చొక్కా కుర్చీకి తగిలించి ఉంది. సాయంత్రం, ఈ మార్కులు అచ్చేసే పత్రిక ఎడిటర్ ఆఫీసులో ఆయన్ని అందరూ లేచి పలకరిస్తారు, దానికి తయారవుతున్నాడు. ఆ చొక్కా చూసేసరికి నాకు సగం ధైర్యం చచ్చిపోయింది.

"అన్నయ్యా, నాలుగో గ్లాసు సాక్షి" అన్నాను.

గుడ్డ ఆగలేదు. "ఎవరి మీద?"

"నీ మీదే. అందులో పొగ లేదు."

"ఉంది."

"పోసింది నేను."

"అయితే నీ చెయ్యి తప్పింది."

చూశారా వరస. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. నా ఒళ్లు మండిపోయింది. "ఇన్నేళ్లలో నా చెయ్యి ఎప్పుడైనా తప్పిందా?" అన్నాను.

"ఇన్నేళ్లలో నా ముక్కు ఎప్పుడైనా తప్పిందా?"

పాలగిన్నె సంగతి ఎత్తితే, ఏదో ఆలోచనలో ఉన్నానన్నాడు. పక్కింటావిడ సంగతి ఎత్తితే, ఆవిడకి తలుపులు బాదడం అలవాటేనన్నాడు. సీసాల మీద లేబుళ్లు తారుమారై ఉంటాయన్నాడు. చివరికి, నాకు కళ్లజోడు మార్చే వయసొచ్చిందని కూడా అన్నాడు. నా కళ్లజోడు సంగతి మాత్రం నేను ఊరుకోను.

"సరే, ఒక్క గ్లాసు తెస్తా. మూత తీసి వాసన చూసి చెప్పు. నీ మాటే నిజమైతే సాయంత్రం అందరి ముందూ నా చెయ్యే తప్పిందని నేనే ఒప్పుకుంటా" అన్నాను.

"తే."

వంటింట్లోకి వెళ్లి, నీలం గ్లాసు తీసుకుని, కుళాయి తిప్పి నీళ్లు పట్టి మూత పెట్టాను. కోపంలో చేసిన పని అది. కోపం లేకపోతే చేతులొచ్చేవి కావు.

అన్నయ్య గ్లాసు ముందు పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. ఎప్పటిలాగే ముందు తన మోచేతి మడత వాసన చూసుకున్నాడు. పాత వాసనలు ముక్కులోంచి పోవాలంటే మన ఒంటి వాసన మనం చూసుకోవాలట, అది ఈ వృత్తిలో అందరూ చేసేదే. తర్వాత మూత తీశాడు. కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి కుడిచేతి చూపుడువేలు బల్ల మీద మెల్లగా కొట్టడం మొదలుపెట్టింది. పొగ తగలగానే ఆ వేలు అలా కొట్టుకుంటుంది. ఆ సంగతి ఆయనకి తెలీదు గానీ చూసే వాళ్లందరికీ తెలుసు.

"పొగే" అన్నాడు. "కాలిన తాడు. గాయం కడిగే మందు. వెనకాల కాస్త ఉప్పుగాలి ఉంది."

"ఘాటు?" అని అడిగాను.

"ఘాటు లేదు. బాగా పాతది కదా, పీపాలోనే మెత్తబడిపోయింది. ఇలాంటిది చూసి ఎన్నాళ్లయిందో. ఎక్కడ దొరికిందే నీకు?"

ఆ అడగడంలో ఎంత సంబరమో. మా అన్నయ్య అంత తెలివైనవాడు కాకపోతే, ఘాటు లేదేంటని ఆగేవాడు. తెలివైనవాడు కనక దానికీ ఒక కారణం దొరికింది. తలుపు దగ్గర వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"తాగు అన్నయ్యా" అన్నాను.

తాగాడు. నోట్లో అటూ ఇటూ తిప్పాడు. తిప్పుతూ ఆగిపోయాడు. పక్కన ఉమ్మే గిన్నె ఉంది, ఎప్పుడైనా అందులోనే ఉమ్మేస్తాడు. ఈసారి మింగేశాడు. మింగి, గ్లాసు బల్ల మీద పెట్టి, దాని మీద మూత కూడా సరిగ్గా పెట్టాడు.

"నీళ్లు" అన్నాడు.

"కుళాయి నీళ్లు."

నన్ను తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. ముక్కు మీద కోపం ఉన్న మనిషి, గ్లాసు కిటికీలోంచి విసిరేస్తే నేనూ నాలుగు మాటలు అని ఏడ్చేదాన్ని. ఆయన కుర్చీకి తగిలించిన చొక్కా వంక చూస్తూ కూర్చున్నాడు. నాకు నా మీదే అసహ్యం వేసింది.

"ఎప్పట్నుంచి?" అంది వదిన, లోపలికొచ్చి.

"వానలప్పుడు జలుబు చేసింది చూడు, అప్పట్నుంచి. జలుబు తగ్గింది, వాసనలు రాలేదు. వస్తాయిలే అనుకున్నా. ఓ పొద్దున లేచేసరికి పొగ తగిలింది. హమ్మయ్య, వస్తున్నాయి అనుకున్నా. అదొక్కటే వచ్చింది. దిండులో పొగ. సబ్బులో పొగ. నీ జుట్టులో పొగ. ఇందాక ఈ మోచెయ్యి చూసుకున్నానే, ఇదీ పొగే."

"మరి మార్కులెలా వేశావు అన్నయ్యా?"

నవ్వాడు. ఆ నవ్వు చూడలేకపోయాను. "పొగ విస్కీలే కదే. పొగ ఉందంటే ఎవరు కాదంటారు? నాలుక మీద బరువు తెలుస్తుంది, గొంతులో మంట తెలుస్తుంది. మిగతాది పాత అనుభవం. ఏ గ్లాసు దగ్గరా తప్పు పోలేదు. నువ్వు సాక్షి పెట్టేదాకా పోలేదు."

వదిన ఆయన ఎదురుగా కూర్చుంది. క్లినిక్‌లో ఎవరి ఇంట్లోవాళ్లకో చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. లేని వాసన అదే పనిగా తగులుతుంటే ఊరుకోకూడదు. జలుబు వల్లే కావచ్చు, ఏమీ కాకపోవచ్చు. కానీ తలలో ఏదైనా పెరుగుతోందేమో ఫొటో తీసి చూడాలి. "నిప్పు లేనిదే పొగ రాదంటారు కదండీ. ఆ నిప్పు ఎక్కడుందో చూడనివ్వండి. తీసెయ్యగలిగిందైతే తీసేస్తారు" అంది.

"తీసేస్తే ఈ పొగ పోతుందా?"

"పోవచ్చు."

"మిగతావి తిరిగొస్తాయా?"

వదినకి రోగుల ముందు అబద్ధం చెప్పే అలవాటు లేదు. "చెప్పలేం. రాకపోవచ్చు" అంది.

"అయితే వద్దు. ఈ పొగైనా ఉండనీ. అబద్ధమో నిజమో, ఉన్నది ఇదొక్కటే. ఇదీ పోతే ఇంక నాకేం మిగులుతుంది?"

"నేను మిగుల్తాను" అంది వదిన.

అన్నయ్య ఆవిడ చెయ్యి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత దాన్ని తిరిగి ఆవిడ ఒళ్లో పెట్టి, "ఇందులో నువ్వు లేవు" అన్నాడు.

వదిన ఏడవలేదు. ఏడ్చింది నేను. వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. ఇల్లంతా చీకటైపోయినట్టనిపించింది. ఇంత చేసీ నేను సాధించింది ఏమిటి? మాడిన పాలగిన్నె సంగతి నాలోనే దాచుకుని ఉంటే, ఆయన ఇంకొన్నాళ్లు ముక్కుగారుగానే తిరిగేవాడు. ఆ కొన్నాళ్లలో తలలో ఉన్నదేదో పెరిగేది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎందులోకి తోసినా తోసేది నా చెయ్యే.

కళ్లు తుడుచుకుని బయటికొచ్చి బేరం పెట్టాను. సాయంత్రం గుట్టు విప్పేటప్పుడు, సాక్షి సీసా బదులు పక్కనున్న పొగ సీసా వంపేశానని, నాలుగో గ్లాసులో ఉన్నది పొగేనని నేను చెప్తాను. ఆయన పరువు ఆయనకుంటుంది. బదులుగా రేపు పొద్దున ఆయన వదినతో డాక్టరు దగ్గరికి రావాలి, ఫొటో తీయించుకోవాలి, ఆ తర్వాత ఒంట్లో బాగాలేదని చెప్పి మార్కుల పని మానెయ్యాలి.

ఈ బేరంలో నాకేం పోతుందో మీకు తెలియాలి. పోసేవాళ్ల చెయ్యి ఒక్కసారి తప్పితే మళ్లీ ఆ చేతికి సీసా ఇవ్వరు. పెళ్లీ పెటాకులూ లేని మనిషిని, గర్వంగా చెప్పుకోవడానికి నాకున్నది ఆ చెయ్యొక్కటే. వదిన ఆ సంగతి అడగబోయింది. నేను కళ్లతోనే వద్దన్నాను.

"మాటిస్తావా?" అని అన్నయ్యని అడిగాను.

"నా కోసం నువ్వు అబద్ధం చెప్తావా?"

"నీ కోసం కాదు. వదిన కోసం. నువ్వు మాటివ్వు."

ఇచ్చాడు. వదిన అప్పటికప్పుడు క్లినిక్‌కి ఫోన్ చేసి రేపటికి టైము తీసుకుంది.

ఎడిటర్ ఆఫీసులో పై అంతస్తు గది మీకు తెలుసు, మార్కులు వేసిందీ అక్కడే. తెల్ల గోడలు, పొడుగు బల్ల, పూలు లేవు, సెంటు పూసుకున్నవాళ్లకి ప్రవేశం లేదు. ఒకప్పుడు బల్ల మీద మనిషికీ మనిషికీ మధ్య అట్ట అడ్డాలు ఉండేవి, ఒకరి మొహం ఒకరికి కనపడకుండా. పెద్దవాళ్ల మధ్య ఈ చిన్నపిల్లల పరీక్షలేంటని వాటిని తీసేశారు. బల్లకి అటు అన్నయ్య, ఇటు ఆయనతోపాటు మార్కులు వేసే ప్లీడరు గారు, కెమిస్ట్రీ లెక్చరరమ్మ. ప్లీడరు గారికి ప్రతి విస్కీలోనూ నీళ్లు కలిపి చూడడం అలవాటు, వాదనలోనూ అంతే. లెక్చరరమ్మ తక్కువ మాట్లాడి ఎక్కువ రాస్తుంది. అన్నయ్య రాగానే ఇద్దరూ లేచి నిలబడ్డారు. ఇస్త్రీ చొక్కాలో ఆయన నిజంగా ముక్కుగారిలాగే ఉన్నాడు. వదిన తలుపు పక్కన కుర్చీలో, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

పద్ధతి ఏమిటంటే, ముందు ఎడిటర్ ఒక్కో గ్లాసుకీ ఎవరెంత వేశారో చదువుతాడు, ఆ తర్వాత నేను సీసా పేరు చెప్తాను. మొదటి మూడూ నడిచిపోయాయి. అబద్ధాన్ని నాలుగైదు సార్లు మనసులో అనుకుని చూసుకున్నాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ తల దించుకోవాలో అన్నీ కుదిరాయి.

"నాలుగో గ్లాసు" అన్నాడు ఎడిటర్. "ముక్కుగారు, తొంభై నాలుగు. ఈ ఏటి పొగంతా ఇందులోనే ఉంది. ప్లీడరు గారు, తొంభై రెండు. కాలిన తాడు, తారు, నీళ్లు కలిపినా చెక్కుచెదరని పొగ. లెక్చరర్ గారు, తొంభై మూడు. మొదటి నుంచి చివరి దాకా ఒకే పొగ, మధ్యలో ఉప్పు."

నాకు ముందు సరిగ్గా వినపడలేదనుకున్నాను. మళ్లీ చదవమని అడిగాను. మళ్లీ అవే చదివాడు.

పొగ చుక్క కూడా లేని విస్కీ అది. మా వదిన, ఆ వాసనే గిట్టని మనిషి, చెప్పులు వేసుకుంటూ మగ్గిన పళ్లని చెప్పిన విస్కీ. దాంట్లో ఈ ఇద్దరికీ తారు ఎక్కడ దొరికింది? అప్పుడు అన్నయ్య చూపుడువేలు గుర్తొచ్చింది. ఆ రోజు నాలుగో గ్లాసు మీద ఆయన కళ్లు మూసుకున్నాడు. వేలు బల్ల మీద కొట్టుకుంది. అడ్డాలు లేవు. వీళ్లు తమ గ్లాసుల వంక కాదు, ఆ వేలి వంక చూశారు. ఇన్నేళ్లుగా వీళ్లు రుచి చూసింది విస్కీని కాదు, మా అన్నయ్యని. తప్పు తమదే, తమ ముక్కుకే అందలేదనుకుని, ఆయన వేలు చెప్పింది రాసుకున్నారు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి, మింగలేక కక్కలేక నిలబడ్డాను.

అంతలో అన్నయ్య మొహం చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది.

ఆయన ముందుకు వంగి కూర్చున్నాడు. కళ్లు మెరుస్తున్నాయి. పొద్దున్నించీ పోయిన నెత్తురంతా తిరిగొచ్చింది. నెమ్మదిగా తన మోచెయ్యి ఎత్తి, మడతలో ముక్కు పెట్టి చూసుకుని, నా చెవిలో చెప్పినట్టు అన్నాడు, "విన్నావా చిట్టీ? నా ఒక్కడికే కాదు. ముగ్గురికీ వచ్చింది. నువ్వు పొద్దున నన్ను ఎంత భయపెట్టావే. నీ చెయ్యే తప్పింది. నిజంగానే తప్పింది."

"అన్నయ్యా, పొద్దున ఆ నీళ్లు..."

"నీళ్ల సంగతి తర్వాత చూద్దాం. గ్లాసు సరిగ్గా కడగలేదేమో." వదిన వైపు తిరిగి చెయ్యి ఊపాడు. "రేపు అక్కర్లేదు. ఫోన్ చేసి వద్దని చెప్పెయ్."

వదిన లేచి నిలబడింది. ఒళ్లో సంచి కిందపడింది, ఆవిడ వంగి తీయలేదు. నన్నే చూస్తోంది. పొద్దున ఆయన్ని డాక్టరు దగ్గరికి పంపడానికి నేను చెప్తానన్న అబద్ధం, నా చెయ్యి తప్పిందన్నదే. ఇప్పుడు ఆ అబద్ధమే నా నోటి వెంట వస్తే, ఆయన ఇంక ఏ డాక్టరు గుమ్మం తొక్కడు. నిజం చెబితే, లేచి నిలబడి గౌరవించిన ఈ గదిలోనే, తను ఎందుకూ పనికిరాని మనిషినని ఆయనకి తెలుస్తుంది. బల్లకి ఇటున్న ఆ ఇద్దరి పరువూ ఆయనతోపాటే పోతుంది, వాళ్లు ఆయన్ని క్షమించరు.

"చెప్పండమ్మా" అన్నాడు ఎడిటర్, పెన్ను మూత తీస్తూ. "నాలుగో గ్లాసులో ఏం పోశారు?"

అన్నయ్య నా వైపు తిరిగి చిన్నపిల్లాడిలా నవ్వాడు. "చెప్పవే" అన్నాడు.